మల్లప్ప ఆరబెట్టిన తివాచీ

మల్లప్ప నేసిన గొంగడి కప్పుకుంటే వాన లోపలికి వస్తుంది. మొయినాబాదు నుంచి చేవెళ్ల దాకా ఏ గొర్లకాపరిని అడిగినా ఈ మాటే చెబుతాడు, చెప్పి పళ్లికిలిస్తాడు. గొంగడి అంటే వానను ఆపాలి కదా. నేసినాక దానికి చింతగింజల గంజి దట్టంగా పట్టించి మండుటెండలో ఆరబెడితే అట్టలా బిగుసుకుంటుంది. నీటిచుక్క దాని మీద నిలబడి జారిపోతుంది. కురుమల ఇంట పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతే ఇది. మల్లప్ప మాత్రం గంజి పెట్టడు. "గది గొంగడా, జల్లెడా?" అని ఎకసెక్కాలాడతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నోరుంది కదా అని నవ్వేవాళ్లే గాని, ఆ మనిషి గంజి కుంచె ఎందుకు పట్టుకోడో ఒక్కడైనా అడిగాడా?

అడగరు కాబట్టి నేనే చెబుతాను. నా పేరు సుగుణమ్మ. మొయినాబాదు దాటాక చేవెళ్ల రోడ్డు మీద వకీల్ సాబ్ తోట బంగళా ఉండేది. అందులో నేను వంట చేసేదాన్ని, మా ఆయన మాణిక్యం తోట కాపలా కాసేవాడు. తోట గోడకు ఆవలే కురుమల వాడ. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లు బీరప్పకు మొక్కేవాళ్లు. నీళ్లకు మాత్రం అందరికీ ఒకటే బావి. మల్లప్ప నాకు అన్న వరస, ఆయన భార్య బీరమ్మ వదిన. వాళ్లకు ఒక్కడే కొడుకు, భిక్షపతి. పొడుగ్గా, నవ్వుమొహంతో ఉండేవాడు. తండ్రి పక్కన కూర్చుని మగ్గం నేస్తూ పాటలు పాడేవాడు. సుతి మటుకు సున్నా.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. జై తెలంగాణ అనని గోడ లేదు, అనని నోరు లేదు. చదువుకున్న పిల్లలూ, చదువుకోని పిల్లలూ రోడ్డెక్కారు. బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగిపోయేవి. మిరుగు కార్తె దాటగానే ఒకనాడు చేవెళ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా బండలూ ముళ్లకంపా వేశారు. పోలీసుల లారీ వచ్చింది. అందరూ పారిపోయారు. భిక్షపతి కూడా పారిపోయేవాడే, కాని తండ్రి నేసిన గొంగడి ఆ బండల మీద ఉండిపోయింది. దాని కోసం వెనక్కి తిరిగాడు, గొంగడితో సహా దొరికిపోయాడు. పట్నంలో జైల్లో పెట్టారు.

ఆ వార్త విని బీరమ్మ గొల్లుమన్నది. మల్లప్ప ఏడవలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు, చెయ్యి ఆడలేదు. మూడోపూట లేచి మా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, మీ వకీల్ సాబ్ ఎప్పుడొస్తడు?" అన్నాడు.

వకీల్ సాబ్ చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పాలి. ఆ యేడు జైళ్లనిండా పిల్లలే ఉంటే, ఎందరి కేసులనో ఫీజు లేకుండా నెత్తిన వేసుకున్నాడు. కాని పరధ్యానం మనిషి. మన మాట వింటున్నట్టే తల ఊపుతాడు, కళ్లు మాత్రం ఎక్కడో ఉంటాయి. భార్య పోయాక బంగళాకు రావడమే తగ్గించాడు. పెద్ద హాలుకు తాళం వేసి తాళంచెవి పట్నంలోనే పెట్టుకున్నాడు. దాని ఫలితం వానలు మొదలయ్యాక తెలిసింది. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టంలో పావురాలు గూడు పెట్టాయి. నీళ్లు పోయే దారి లేక మిద్దె నాని హాల్లోకి దిగాయి. తలుపు సందులోంచి తడిసిన కుక్క వాసన వస్తుంటే, లోపల కుక్క చచ్చిందేమో అనుకున్నాం.

కర్ఫ్యూ సడలించిన రోజు సాబ్ కారులో వచ్చాడు. తాళం తీస్తే షాబాదు బండల మీద మడమలు మునిగే నీళ్లు. ఆ నీళ్లలో అమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న తివాచీ, హాలంతా పరిచేది, చచ్చిన బర్రెలాగా పడి ఉన్నది. నేను చాయ్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సాబ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "మాణిక్యం, తీసి అవతల పారెయ్యి దీన్ని. ఇగ పనికి రాదు" అన్నాడు.

అప్పటికే మల్లప్ప చేతులు కట్టుకుని గడప అవతల నిలబడి ఉన్నాడు.

"బాంచెన్ సాబ్, గట్లనకుండ్రి. ఇది ఉన్నిదే గద. ఉన్ని సంగతి నాకెరుకే. నేను బతికిస్త దీన్ని. నా పోరన్ని జర మీరు బయటికి తెండ్రి. ఒక్కడే పోరడు."

"పేరేంది? ఏ ఊర్ల పట్టుకున్నరు?" అని సాబ్ అడిగాడు. మల్లప్ప చెప్పాడు. సాబ్ కారుతున్న మిద్దెకేసి చూస్తూ, "చూద్దాం లే. చూద్దాం" అని కారెక్కి వెళ్లిపోయాడు.

జరిగింది ఇంతే. తివాచీకీ పిల్లవాడికీ ముడి సాబ్ వేయలేదు. నేనూ వేయలేదు. ఆ ముడి వేసుకున్నది మల్లప్ప ఒక్కడే.

"అన్నా, ఆయన పారెయ్యమనె గద, నీకెందుకు ఈ తిప్పలు?" అన్నాను.

"పిచ్చిదానివి. పెద్దోళ్లు ఊరికె మాటకు అట్ల అంటరు. పాణమంత దాని మీదనే ఉంటది. సచ్చిపోయిన అమ్మ సొమ్ము అది. బాగుజేసి ముంగట పరిస్తే, మల్లప్పా ఏం గావాలె అంటడు. అప్పుడు అడుగుత" అన్నాడు. అదేదో దేవుడు స్వయంగా వచ్చి చెవిలో చెప్పినట్టు.

తడిసిన తివాచీ ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు. కొస పట్టుకుని ఈడ్వబోతే మల్లప్ప అరిచాడు. "ఈడ్వకుండ్రి! నీళ్లు తాగినంక పోగుకు బలముండది, తెగుతది." పొడుగాటి వెదురుగడకు చుట్టించి, కురుమవాడ మగవాళ్లందరి చేతా మోయించి, బంగళా వెనక వసారాలో దింపించాడు. మిద్దె సున్నమంతా దిగి రంగులు కనబడకుండా పోయాయి. బావినీళ్లతో కడిగి, కుంకుడు రసం పోసి, మళ్లీ కడిగాడు. చెక్కపలకతో పైనున్న ఉన్ని నూగు వాలిన దిక్కుకే ఒత్తుతూ నీళ్లు బయటికి తీశాడు. ఎదురు ఒత్తితే నూగు చస్తుందట. ఎర్రనీళ్లు, నల్లనీళ్లు, చివరికి తేటనీళ్లు వచ్చాయి. ఆ తేటనీళ్లు దోసిట్లో పట్టి బీరమ్మకు చూపించాడు.

తరవాత వాడలోని నులకమంచాలన్నీ తెచ్చి పక్కపక్కన వేసి, వాటి మీద పరిచాడు. పైనుంచీ కిందినుంచీ గాలి తగలాలి. ఎండలో పెడితే రంగు పోతుంది, చీకట్లో పెడితే బూజు పడుతుంది. కాబట్టి వసారా నీడే గతి. మంచాల కింద కుంపట్లు పెట్టి, నిప్పుల మీద బూడిద కప్పి, ఊరికే వెచ్చదనం తగిలేటట్టు చేశాడు. వేపాకు పొగ వేశాడు. వేయించిన ఊక నూగులో చల్లి, అది చెమ్మ పీల్చాక చింతబరికెతో దులిపేవాళ్లం. మళ్లీ వేయించడం, మళ్లీ చల్లడం. నా కళ్లు పొగకు ఉబ్బిపోయాయి. "మీ అమ్మ కడుపుగాల, నా వంట నేను చేసుకోవద్దా?" అని తిట్టుకుంటూనే ఊక వేయించాను.

ఆషాఢం గాలిలో గాలెంత? సగం నీళ్లే. ఇంట్లో ఉప్పు కుండ కారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే పొడి రాలుతుంది, ఆరేసిన రవిక ఒంటి మీదే ఆరాలి. అలాంటి రోజుల్లో హాలంత పొడుగు ఉన్ని ఎట్లా ఆరుతుంది? పగలంతా మేము తీసిన చెమ్మను తెల్లారేసరికి గాలి మళ్లీ తెచ్చి పోసేది. మల్లప్ప పొద్దున్నే వచ్చి తివాచీ మీద చెంప ఆనించి, కళ్లు మూసుకుని చూసేవాడు. "ఇంక లోపట ఉన్నది" అని మళ్లీ కుంపటి రాజేసేవాడు. అన్నం కూడా అక్కడే తినేవాడు. ఎవరైనా పట్నం నుంచి వస్తే జైలు సంగతి అడిగేవాడు, వాళ్లు పెదవి విరిచేవాళ్లు, ఈయన వచ్చి తివాచీ తిరగేసేవాడు. కొడుకు ఒంటి మీద చెయ్యి వేయలేని మనిషి దాన్ని నిమురుతున్నాడని నాకు తెలుస్తూనే ఉన్నది. ఏం చెప్పను?

నిజం చెప్పాలి, అది ఆరింది. ఒక పొద్దున చెంప ఆనించి, లేచి, "ఆరిందే!" అన్నాడు. బరికెతో దులిపితే అడుగు నుంచి ఎరుపు లేచింది, దానిమ్మపూల వరసలు లేచాయి, అంచున పచ్చటి తీగ లేచింది. అమ్మగారు బతికి ఉన్నప్పుడు కూడా ఆ రంగులు నేను చూడలేదు. చివికిన కుచ్చులు తీసేసి, కొత్త పోగులు పేని ముడులు వేశాడు. బీరమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. "సుగుణా, నా కొడుకు వచ్చినట్లే ఉన్నదే" అన్నది. నేను కూడా ఏడ్చాను. యేసయ్యకు స్తోత్రం చెప్పాను, బీరప్పకు కూడా ఒక మాట చెప్పమన్నాను.

అక్కడితో చుట్టి పక్కన పెడితే సరిపోయేది. కాని మల్లప్ప నేతగాడు. ఉన్ని బట్ట చేతిలోంచి గంజి లేకుండా బయటికి పంపడం ఆయనకు తెలియదు. పెళ్లిపిల్లను బొట్టు లేకుండా పంపినట్టు అనిపించి ఉంటుంది. పైగా వచ్చే ఆదివారం సాబ్ వస్తున్నాడని కబురు, రెండు రోజులుగా మబ్బు విడిచి ఎండ.

చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించాడు. వసారా అంతా ఆ వాసన. కుంచె ముంచగానే బీరమ్మ అడ్డం వచ్చింది.

"ఏమయ్యా, గంజి ఎండకాలం పెడ్తరు గని వానకాలం పెడ్తరా? నీకు నేను చెప్పాల్నా?"

"ఎండ చూడు ఎట్ల కాస్తున్నదో. గీ రెండు దినాలు ఆగితె సాలు. ఇగ మిద్దె కూలినా నీళ్లు తాగదు సాబ్ అని చెప్పాలె. గప్పుడు ఆయన మనసు కరుగుతది."

"వానకాలం ఎండను నమ్మినోడు ఉన్నడా?"

"నడువవే అవతలికి!"

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ ఆత్రం దేని కోసమో నాకు తెలుసు. తివాచీ బోర్లించి వీపంతా గంజి పట్టించాడు. గొంగడికి పట్టించినట్టే పొరమీద పొర, పోగు పోగుకూ దిగేటట్టు రుద్దాడు.

ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. మర్నాటి నుంచి ముసురు. పెద్దవాన అయితే కొట్టి పోతుంది, ముసురు పోదు. ఇంటికి వచ్చిన పాత చుట్టంలా కూర్చుంటుంది. గంజి బిగుసుకోలేదు. కుంపట్లు పెడితే ఆవిరి లేచి మెత్తబడింది, తీసేస్తే పులిసింది. చీమలు వచ్చాయి. తెల్లగా బూజు మొలిచింది, తుడిస్తే పచ్చగా మొలిచింది. మల్లప్ప మొండి కత్తితో గంజి గీకాడు, వేడినీళ్లతో కడిగాడు, మళ్లీ ఊక చల్లాడు. ఆ నీళ్లు మళ్లీ ఆరాలి కదా! గొంగడికి అడ్డం పొడుగు అంతా ఉన్నే. తివాచీకి పైన కనబడేదే ఉన్ని, కడుపులో ఉన్నది నూలు. ఆ నూలు గంజి తాగి, నాని నాని కుళ్లింది. అది ఆయన జన్మలో ఎరగని బట్ట. మంచాల మీద నుంచి తీయబోతే మధ్యకు విడిపోయింది. చిరిగిన చప్పుడు కూడా రాలేదు. దానిమ్మపూలు ఆయన వేళ్లకు అంటుకుని వచ్చాయి.

మల్లప్ప ఆ పీలికలు పట్టుకుని, "సంపుకున్న. నా చేతులతోని నేనే సంపుకున్న" అన్నాడు. తివాచీ గురించి కాదు ఆ మాట. బీరమ్మకు అర్థమై చెవులు మూసుకున్నది.

ఆదివారం సాబ్ రాలేదు. ఆయన గుమస్తా జీపులో వచ్చాడు. రోడ్డు మీద మళ్లీ రాళ్లు పడతాయని భయం, ఇంజను కూడా ఆపలేదు. మల్లప్ప ఇల్లు చూపించమంటే నేను చూపించాను. గుమస్తా వాకిట్లో నిలబడి బీరమ్మతో, "మల్లప్ప ఏడి? రేపు కోర్టుకు తప్పకుండ రమ్మన్నడు సాబ్. రాకుంటే మంచిగుండది" అన్నాడు.

"ఎందుకు సారూ?" అని బీరమ్మ అడిగింది.

"నాకేం తెలుసు? రమ్మన్నడు, అంతే" అని ఎక్కి వెళ్లిపోయాడు. వాడి నాలుకకు ఇంకో మాట బరువైంది. వాడి నోట్లో మన్ను పడ!

మల్లప్ప ఇంటి వెనక గొర్లదొడ్డిలో ఉన్నాడు. కోర్టు అన్న మాట విన్నాడు. తివాచీ పాడుచేశాడని సాబ్ కేసు పెట్టించాడనుకున్నాడు.

"పోరని ముచ్చటనేమోనయ్యా. పోయిరా, నీ కాళ్లు మొక్కుత" అని బీరమ్మ బతిమాలింది.

"నా మొఖం చూసి ఇడిపిస్తడా పోరన్ని? ఉన్న కోపం గూడ వాని మీదికి పోతది. నేను కండ్ల పడకుంటెనే వానికి మంచిది." చెప్పులు వేసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు, గొర్లను తోలుకుని అనంతగిరి అడవుల దిక్కు వెళ్లిపోయాడు. నేను కూడా అడ్డం నిలబడి చూశాను. మందలో గొర్రెను తప్పించుకుపోయినట్టు నన్ను తప్పించుకుని పోయాడు.

బీరమ్మ ఉండబట్టలేకపోయింది. మర్నాడు చీకటి విడవకముందే నేనూ ఆమే బయలుదేరాం. బస్సులు లేవు. మెహిదీపట్నం దాకా నడిచాం, అక్కడి నుంచి అడుగుతూ అడుగుతూ కోర్టుకు చేరాం. అప్పటికి పొద్దు వాలింది, తలుపులు మూస్తున్నారు. మెట్ల మీద సాబ్ కనబడ్డాడు.

"మల్లప్ప ఏడి?" అన్నాడు. "జామీను మంజూరైంది. తండ్రి వచ్చి పూచీ నిలబడితే ఇయ్యాల్నే ఇంటికి పంపుతుంటి గద. భూమి ఆయన పేరు మీదున్నది, ఆయనే రావాలె."

బీరమ్మ నిలబడ్డచోటే కూలబడింది. "జరమొచ్చింది సాబ్, లేస్తలేడు" అని అబద్ధం ఆడింది. మొగుడు భయపడి పారిపోయాడని ఏ నోటితో చెబుతుంది? సాబ్ నిట్టూర్చి, "మల్ల తేదీ ఎప్పుడిస్తరో. బందులు, కర్ఫ్యూలు... సరే, నయం గాంగనే తోలియ్యి" అన్నాడు.

వాడ మగవాళ్లు అడవులన్నీ వెతికారు. మల్లప్ప దొరికి, విషయం విని, ఎక్కడా ఆగకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడట. కాని ఆలోపల జైల్లో విషజ్వరం పాకింది. తేదీ రాకముందే భిక్షపతి దవాఖానలో పోయాడు.

గొంగడి కప్పుకుని పోయినవాడు గొంగడిలోనే వచ్చాడు. ఆ గొంగడికి గంజి బాగా పట్టింది, వాన చినుకులు దాని మీద నిలబడి జారిపోతుంటే వాడవాళ్లంతా చూశాం. బీరమ్మ కొడుకు మొహం నిమురుతూ, "ఆరిందా బిడ్డా, ఒళ్లు ఆరిందా?" అని అదే మాట అంటున్నది. నేను తట్టుకోలేక ఇవతలికి వచ్చేశాను.

పెద్దకర్మ అయ్యాక వకీల్ సాబ్ మల్లప్ప ఇంటికి వచ్చాడు. వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, కాదనను.

"కబురు చేస్తి గద మల్లప్పా. ఒక్క దినం రాకపోతివి" అన్నాడు.

మల్లప్ప నేల మీద కూర్చుని ఉన్నాడు. "మీ మొఖం చూడనీకె ధైర్యం జాలలే సాబ్. తివాచీ ఖరాబు జేస్తి" అన్నాడు.

"ఏ తివాచీ?" అన్నాడు సాబ్.

ఆయన నా మొహం చూశాడు, తరవాత గుర్తుకొచ్చింది. "అరే, హాల్లదా? అది పారెయ్యమని గప్పుడే చెప్పితి గద" అన్నాడు. లేచి, మల్లప్ప భుజం మీద చెయ్యి వేసి, వెళ్లిపోయాడు.

కారు చప్పుడు దూరమయ్యే దాకా మల్లప్ప తలెత్తలేదు. తరవాత నన్ను పిలిచాడు.

"సుగుణా, గా దినం నువ్వు ఆడనే ఉన్నవు గద. పారెయ్యమన్నడా?"

"అన్నడన్నా."

"నిజంగనే అన్నడా?"

"నిజంగనే అన్నడు."

"నేను ఊరికె మాటకు అన్నడనుకుంటినే" అన్నాడు.

లోపల బీరమ్మ పొయ్యి ముట్టిస్తున్నది. తడి కట్టెలు, అంటుకోవడం లేదు.